ఫోన్‌లో దొరికిన ముత్తాత

మాకు ముత్తాత అనే మనిషి ఒకడు ఉండే ఉంటాడని నాకు మొదటి నుంచీ నమ్మకమే. లేకపోతే మేం ఇంతమందిమి ఎక్కడి నుంచి ఊడిపడతాం? కాకపోతే ఆయన ముఖం ఎట్లా ఉండేదని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆ అవసరం మా సిరిసిల్ల అన్నకు వచ్చింది.

అన్న అంటే మా పెద్దబాపు కొడుకు. మా దగ్గర బాపు అంటే నాన్న. సిరిసిల్లలో సాంచెల షెడ్డు ఉంది. సాంచెలంటే మరమగ్గాలు. అవన్నీ కలిసి చేసే చప్పుడు కంటే అన్న ఒక్కడు చేసే చప్పుడు ఎక్కువ. వాళ్ల వీధిలో ఇంకో కుటుంబం వాళ్లు పెత్రమాసకు తమ ముత్తాత బొమ్మతో ఫ్లెక్సీ కట్టించారట. మధ్యలో తలపాగా, మీసాలు. కింద కొడుకులూ మనవలూ వరసగా చేతులు జోడించి. పెత్రమాస చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టుకునే అమావాస్య. ఆ రోజు పెద్దలకు ఆకలవుతుందని మాకు తెలుసు గాని, ఫ్లెక్సీ కూడా కావాల్సి వస్తుందని అప్పటిదాకా తెలియదు. మరుసటి రోజే అన్న ఫోన్‌లో ఫ్యామిలీ గ్రూపు పెట్టి మమ్మల్నందరినీ అడగకుండానే అందులో పడేశాడు. తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, నువ్వు కాలేజీల చదువు చెప్తవు గదా. నెట్‌ల మన ముత్తాతను జర దేవులాడు."

నేను జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. ఆ మాటే అన్నాను. అన్న దృష్టిలో కాలేజీ అంటే కాలేజీయే. అందులో చెట్లు చెప్పేవాళ్లూ, చరిత్ర చెప్పేవాళ్లూ, గేటు తీసేవాళ్లూ అందరూ ఒకటే.

సరే, వెతికాను. వేరే దేశాల మ్యూజియంల పేజీలు, పాత పోస్టుకార్డులు అమ్ముకునేవాళ్ల పేజీలు, మన పాత ఫోటోలను ఒకరి దగ్గర ఒకరు ఎత్తుకొచ్చి పెట్టుకునే గ్రూపులు, అన్నీ తిరిగాను. ఒకటి అర్థమైంది. దొరల ఫోటోల కింద దొర పేరు, దొరసాని పేరు, పక్కన నిలబడ్డ కుక్క పేరు కూడా ఉంటాయి. మగ్గం ముందు కూర్చున్నవాడి ఫోటో కింద "నేతగాడు, దక్కన్" అని మాత్రమే ఉంటుంది. అట్లాంటి ఫోటో ఒకటి దొరికింది. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న బక్క మనిషి. ఒంటి మీద గోచి తప్ప ఏమీ లేదు. వెనకాల రాట్నం ముందు ఒక ఆడమనిషి కండెలు చుడుతోంది. ఆమె తల పక్కకు తిరిగి ఉంది. మన పాత మగ్గాలు ఎట్లుండేవో చూడండి అని గ్రూపులో పెట్టాను. అక్కడే తప్పంతా జరిగింది.

"చెవులు సూడుండ్రి" అని రాశాడు అన్న. "మన చెవులే."

ఇక ఆ రోజంతా గ్రూపులో చెవులే. ముస్తాబాద్ బాబాయి తన చెవి ఫోటో పెట్టాడు. ఇబ్రహీంపట్నం నుంచి గల్ఫ్ పోయిన తమ్ముడు డ్యూటీ మధ్యలో హెల్మెట్ తీసి మరీ చెవి చూపించాడు. చెవి చిన్నగా ఉన్నవాళ్లు కాస్త దిగులుపడి, మాది తల్లి తరఫు పోలిక అని సర్దుకున్నారు. దక్కన్ అంటే మన ఊరొక్కటే కాదు, సగం దేశం అని నేను రాశాను. దానికి నాలుగు దండాల బొమ్మలు, ఒక గుడ్‌మార్నింగ్ గులాబీ జవాబుగా వచ్చాయి. సాయంత్రానికి ఆ బక్క మనిషి మాకు ముత్తాత అయిపోయాడు.

తర్వాత ఆయన పడ్డ పాట్లు చెప్పాలి. ముందు రంగులేశారు. గోచి బాగుండదని ఫ్లెక్సీ చేసేవాడు కోటు తొడిగాడు. పనివాడిలా కనిపిస్తున్నాడని మగ్గాన్ని కింద నుంచి కోసేశాడు. నేసి బతికిన మా వంశానికి గుర్తుగా మిగిలిన ఒక్క మగ్గం అట్లా పోయింది. వెనక కూర్చున్న ఆడమనిషిని కూడా తీసేసి ఆ చోట ఉదయించే సూర్యుణ్ని పెట్టారు. ఆ పైన ఎవరో బొమ్మను కదిలించే యాప్‌లో వేస్తే ముత్తాత కళ్లార్పి మమ్మల్ని చూసి నవ్వాడు కూడా. పళ్లన్నీ తెల్లగా, వరసగా ఉన్నాయి. మా వాళ్లలో నలభై దాటిన ఒక్కరికీ అట్లాంటి పళ్లు లేవు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. మా బాబాయి అయితే ఏడ్చానని రాశాడు.

ఆ నెలలోనే కోరుట్ల పోయాను. అక్కడ మా అత్తమ్మ, అంటే మా బాపుకు అక్క, కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెను చూడబోయినప్పుడల్లా బస్టాండు దగ్గరి టైలర్ భాయ్‌కి జాకెట్లు ఇచ్చి పోవడం నాకు అలవాటు. ఆ రోజు కొలత జాకెట్టు అందిస్తూ తలెత్తితే, కుట్టుమిషను పైన గోడ మీద మా ముత్తాత. మా దగ్గర కోటు తొడుక్కున్నాడు, ఇక్కడ తెల్ల టోపీ పెట్టుకున్నాడు. మా సూర్యుడి చోట ఆకుపచ్చ తెర ఉంది.

"భాయ్, గీయన ఎవలు?"

"మా పర్‌దాదా, మేడం. మా అల్లుడు నెట్‌ల పట్టిండు. చెవులు సూడుండ్రి, అచ్చం మా అబ్బాజాన్‌వే."

నా ఫోన్ తీసి మా కోటు ముత్తాతను చూపించాను. భాయ్ అద్దాలు పైకి తోసుకుని ఒకసారి ఫోన్‌నీ ఒకసారి గోడనీ చూశాడు. "అయితె మనం చుట్టాలమయినం మేడం" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. చాయ్ తెప్పించాడు. కుట్టుకూలి మాత్రం చుట్టరికం చూసి తగ్గించలేదు. గోడ మీది ఫోటో తీసి గ్రూపులో పెడితే, వాళ్లే మనది కాపీ కొట్టారని అన్న తేల్చేశాడు.

నవ్వుకుంటూనే అత్తమ్మ ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టర్ మానుకోమన్నా మానలేదు. కథంతా చెప్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"గంత పాత ముత్తాత దొరికిండంటివి బిడ్డా. మా అవ్వ దొరుకదా?"

అవ్వ అంటే తల్లి. అత్తమ్మ కన్నతల్లి మా తాతకు మొదటి భార్య. అత్తమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే చనిపోయింది. ఏడాది తిరగకుండా తాత మా బాపమ్మను చేసుకున్నాడు. పెద్దబాపు, మా బాపు, బాబాయి ఆమె కొడుకులు. చనిపోయిన మొదటి ఆమె పేరు మీద రెండో ఆమె మెడలో చిన్న బంగారు బిళ్ల కట్టుకోవడం మా దగ్గర ఆచారం. దాని మీద కంసాలి అచ్చుపోసిన ఆడమనిషి బొమ్మ ఉంటుంది. కళ్లూ ముక్కూ ఏమీ ఉండవు, ఆడది అని తెలిసేటంత గీతలుంటాయి. అత్తమ్మ చిన్నప్పుడు సవతితల్లి మెడలోని ఆ బిళ్లను పట్టుకుని నిద్రపోయేదట. మా బాపమ్మ మంచిది, పట్టుకోనిచ్చేది. ఆమె పోయాక ఆ బిళ్ల కరిగి ఎవరి పెళ్లి ఉంగరంలోనో కలిసిపోయింది. ఎవరిదో నాకు తెలుసు. గ్రూపులో అందరికంటే ఎక్కువ వంశగౌరవం ఆ చేతి వేళ్లతోనే టైపు అవుతుంటుంది.

"నాకు ఒక్క చెయ్యి యాదున్నది, గాజులతోటి" అన్నది అత్తమ్మ. "గంతే. ఆపరేషన్ అయినంక గోడ మీది బల్లి సుత అవుపడుతుంది. మా అవ్వ మొఖం ఒక్కటే అవుపడది."

ఫోన్‌లో అసలు ఫోటో తీసి, రాట్నం ముందు కూర్చున్న ఆమెను పెద్దది చేసి చూసింది. గీమె ఎవలు అని అడిగింది. ఎవరో తెలియదత్తమ్మా, మీ అవ్వ పుట్టకముందు ఫోటో ఇది అన్నాను. అయినా చాలాసేపు చూసింది. ఇటు తిరుగుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

ఆ రోజే గ్రూపులో అడిగాను. పెద్దబాపమ్మ, అంటే తాత మొదటి భార్య, ఎట్లా ఉండేదో ఎవరికైనా తెలుసా అని. చెవుల మీద అన్నన్ని మాటలు రాసినవాళ్లు ఆమె మీద రెండే మాటలు రాశారు. ఒకరు తెల్లగా ఉండేదట అన్నారు, ఇంకొకరు నల్లగా ఉండేదట అన్నారు. ఆమె పుట్టిల్లు ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. అన్న తయారుచేయించిన వంశవృక్షంలో ఆమె ఉన్నచోట "మొదటి భార్య" అని ఉంది, పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. తాడూ బొంగరం లేని కోటు మనిషిని నెత్తిన పెట్టుకున్నారు, ఇంట్లో పిల్లను కని పోయిన మనిషి ఎవరికీ గుర్తు లేదు అని రాసి పెట్టాను. అన్న కోపం తెచ్చుకోలేదు. "నేను సూసుకుంట చెల్లె" అన్నాడు. అన్న చూసుకుంటానన్నప్పుడే నేను భయపడాల్సింది.

మరుసటి ఏడు పెత్రమాసకు వారం ముందు అన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పెద్దబాపమ్మ ఫోటో దొరికింది, అత్తమ్మను తప్పకుండా తీసుకురమ్మన్నాడు. ఎక్కడ దొరికిందంటే, వచ్చినంక సూడు అన్నాడు. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా బస్సులో పోయాం. అత్తమ్మ పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టుకుంది. దారి పొడవునా ఒక్కసారే మాట్లాడింది.

"నన్ను సూస్తె గుర్తుపడుతదా బిడ్డా? నేను ఆమెకంటె ముసలిదాన్నయిపోతి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అన్న ఇంటి ముందు ఫ్లెక్సీ, లోపల జనం. ముందుగదిలో గోడకు తాత, బాపమ్మ ఫోటోలు, కోటు ముత్తాత, ఆయన పక్కన పట్టుగుడ్డ కప్పిన కొత్త ఫ్రేము. ఒక్కో ఫోటో ముందు మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు, గారెలు వడ్డించి ఉన్నాయి. అన్న గుడ్డ తీశాడు. ఇరవై ఏళ్ల పిల్ల. పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, జరీ అంచు చీర. అప్పటికే బంతిపూల దండ వేసి ఉంది. ఒక్కసారిగా అందరూ అచ్చం అత్తమ్మే అన్నారు. నిజంగానే అచ్చం అత్తమ్మే. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు కూడా ఉంది. వదిన ముందు దాన్ని కనిపెట్టి అత్తమ్మ ముఖం పక్కన వేలు పెట్టి చూపించింది.

"తల్లి గాటు బిడ్డకెట్ల దిగిందో సూడుండ్రి."

అందరూ చూశారు, తలలూపారు. గుణాలు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా దిగుతాయో ఏటా పిల్లలకు పాఠం చెప్పే నేను కూడా తలూపాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాయం మచ్చ తల్లి నుంచి బిడ్డకు దిగదని ఆ క్షణాన నాకు తట్టలేదు.

అత్తమ్మ ఫ్రేము దగ్గరికి పోయింది. ఆ గాటు మీద వేలు పెట్టింది, తర్వాత తన కనుబొమ్మ మీద పెట్టుకుంది.

"గీ గాటు మా అవ్వ పోయినంక పడ్డది. మగ్గం గుంటల పడ్డ. లేపేటందుకు ఎవ్వలు లేకుండిరి" అన్నది. అన్న వైపు తిరిగింది. "గిది నేను. దండ తియ్యిరా, నేనింకా సావలేదు."

గదిలో అందరి ముఖాలూ మాడిపోయాయి. బతికున్న మనిషి ఫోటోకు దండ వేయడం అంటే మా దగ్గర మామూలు అపచారం కాదు. వదిన గబగబా దండ పీకేసి, ఉప్పు తెచ్చి అత్తమ్మకు దిష్టి తీసింది. అన్న నసిగాడు. ఫ్లెక్సీ కోసమని అత్తమ్మ కొడుకు దగ్గర తెప్పించుకున్న ఆధార్ ఫోటోను యాప్‌లో వేస్తే వయసు తగ్గించి ఇచ్చిందట. తల్లీబిడ్డలు ఒక్కతీరే ఉంటరు గదా, నువ్వు సంబురపడుతవనుకున్న అత్తమ్మా అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

అత్తమ్మ తిట్టలేదు. ఆ పిల్ల ముఖాన్ని ఇంకోసారి చూసింది. "గీ వయసుల నన్ను సుత ఎవ్వలు ఫోటో తియ్యలె" అన్నది.

తర్వాత మెల్లగా వంగి, ఆ ఫోటో ముందున్న విస్తరిని రెండు చేతులతో ఎత్తింది. నేను పట్టుకోబోతే వద్దంది. ఫోటోలన్నీ దాటి, గది మూలకు పోయి, మేకు కూడా లేని గోడ ముందు విస్తరి పెట్టింది. కొంగుతో నేల తుడిచి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఆడ ఏం లేదు గదా అత్తమ్మా" అన్నాడు అన్న.

"ఫోటో లేకుంటె ఆకలి ఉండదారా?" అన్నది అత్తమ్మ.