ఎర్ర గీత దాటిన నీళ్లు

నా చిన్నప్పుడు గాలిలో ప్రాణవాయువు ఎంత అని నిద్రలో లేపి అడిగినా అయిదో వంతు అని చెప్పేవాళ్లం. నీకెలా తెలుసు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకుండానే సైన్సు టీచరు రుజువు చూపించేవారు. పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించేవారు. కొవ్వొత్తి ఆరిపోయేది, నీళ్లు గ్లాసులోకి ఎక్కేవి. ప్రాణవాయువు కాలిపోయింది, ఖాళీ అయిన చోటులోకి నీళ్లు వచ్చాయి, సరిగ్గా అయిదో వంతు చూడండి అనేవారు. మాకు అనుమానం రాకుండా గ్లాసు మీద అక్కడే ఎర్ర రంగుతో గీత కూడా గీసి ఉంచారు.

ఒక ఏడాది ఆబిడ్స్‌లో ఒక పెద్ద స్కూల్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. మా నాంపల్లి బడి బల్ల దగ్గర నిలబడి ఈ ప్రయోగం వివరించే పని నాకు ఇచ్చారు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ గుమాస్తా. క్లాసులో నా యాస విని వెక్కిరించని వాళ్లు లేరు. అలాంటి నన్ను ఊరందరి ముందు మాట్లాడమన్నారంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

పక్కింటి అక్కవాళ్లది తరాలుగా హైదరాబాదే. కోఠి కాలేజీలో డిగ్రీ చదివేది. సాయంత్రం రాగానే గడప దగ్గర కూర్చుని చాయ్‌ని గ్లాసులోంచి సాసర్‌లోకి ఒంపుకుని తాగడం ఆమె అలవాటు. ఒకరోజు నా పాఠం ఆమెకు అప్పజెప్పాను. అంతా విని, "నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నయ్? కొవ్వొత్తి మండుతున్నప్పుడా, ఆరినంకనా?" అంది.

నాకు తెలియదు. రోజూ చేస్తున్న పనే, కానీ నా చూపంతా గీత మీదే ఉండేది.

అక్క లోపలికి వెళ్లి పొగలు కక్కుతున్న చాయ్ ఇంకో గ్లాసు తెచ్చింది. చాయ్‌ని గిన్నెలోకి ఒంపేసి, సాసర్‌లో చల్లటి నీళ్లు పోసి, ఆ వేడి గ్లాసును నీళ్లలో బోర్లించింది. కాసేపటికి నీళ్లు మెల్లగా గ్లాసులోకి ఎక్కాయి. అగ్గిపుల్ల కూడా గీయలేదు.

"గీడ ఏం కాలింది చెప్పు?" అంది. మళ్లీ తనే చెప్పింది. "వేడికి లోపలి గాలి ఉబ్బుతది, కొంత బయటికి పోతది. చల్లబడ్డంక లోపల జాగ మిగులుతది. మన నెత్తి మీద ఆకాశమంత గాలి ఉన్నది గదా, అది నీళ్లను లోపలికి నూకుతది. మీ కొవ్వొత్తి కత కూడా ఎక్కువ శాతం గిదే."

ఇంటికెళ్లి రెండు కొవ్వొత్తులు పక్కపక్కన పెట్టి చేశాను. అవి ఆరిపోయాకే నీళ్లు గబగబా ఎక్కాయి, అయిదో వంతు దాటి చాలా పైకి వెళ్లాయి. మర్నాడు పరుగున వెళ్లి టీచరుకు చెప్పాను, సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ ముఖం మాడ్చుకున్నారు. పుస్తకంలో ఉన్నది చెప్పడానికే నిన్ను నిలబెట్టింది, నీ పైత్యం చెప్పడానికి కాదు అన్నారు. వివరం చెప్పే పని ఇంకో అమ్మాయికి వెళ్లింది, పళ్లెంలో నీళ్లు పోసే పని నాకు మిగిలింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ప్రదర్శన రోజు ఆ హాల్లో ఫ్యాన్ల గాలికి కొవ్వొత్తి నిలవలేదు. టీచరు రెండు లావుపాటి కొవ్వొత్తులు తెచ్చి పెట్టారు. పరీక్షించే పెద్దాయన వచ్చారు. ఆ అమ్మాయి తడబడకుండా చెప్పింది. కొవ్వొత్తులు ఆరాయి, నీళ్లు ఎర్ర గీత దాటి ఎక్కుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి టీచరు వైపు చూసింది. అప్పుడు మా టీచరు నవ్వు ముఖంతోనే గ్లాసు అంచును వేలితో కొంచెం ఎత్తారు. బుడగ ఒకటి లోపలికి వెళ్లింది. నీళ్లు దిగి గీత దగ్గర ఆగాయి. పెద్దాయన తల ఊపారు. బహుమతి మాకే వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు.

అయిదో వంతు అన్న మాట నిజమే. నిజానికి దొంగ సాక్ష్యం ఎందుకు? మా కళ్లతో మేం చూసినదాన్ని చూడలేదనుకోమని నేర్పడం కూడా చదువేనా? ఆ చప్పట్లు తలచుకుంటే ఈ వయసులోనూ నాకు పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం అక్క దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. పోనీలే అని ఆమె అనలేదు, అని ఉంటే నేను మళ్లీ ఆ గడప తొక్కేదాన్ని కాదేమో. "బాధతోని ఏడుస్తున్నవా, కోపంతోనా?" అని అడిగింది. కోపమే అన్నాను. "గట్లయితే ఏడ్వకు. ఏడిస్తే పోతది. దాసుకో, ఎప్పుడన్నా పనికొస్తది" అంటూ తన సాసర్‌లోని చాయ్ సగం నాకిచ్చింది.

అదే ఆబిడ్స్‌లో ఇప్పుడు నా మనవరాలు చదువుతోంది. మొన్న సైన్సు ప్రదర్శనకని కొనుక్కొచ్చిన డబ్బా విప్పి చూపించింది. పళ్లెం, కొవ్వొత్తి, గ్లాసు. గ్లాసు మీద ఎర్ర గీత అచ్చువేసే వచ్చింది, ఇప్పుడు టీచర్లకు ఆ శ్రమ కూడా తప్పింది. అది చాలదన్నట్టు, "నీళ్లు గీత దాటితే గ్లాసు అంచు కొంచెం ఎత్తమన్నారు నానమ్మా, మా మేడమ్" అంది, అదీ పాఠంలో ఒక భాగమే అన్నంత మామూలుగా.

లేచి చాయ్ పెట్టాను. చాయ్ ఒంపేసిన వేడి గ్లాసును దాని ముందే సాసర్‌లోని చల్లటి నీళ్లలో బోర్లించి, గీత వైపు కాదు, నీళ్ల వైపు చూడమన్నాను. చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "మరి నేను ఇదే చెప్తే మేడమ్ నన్ను తీసేస్తే?" అంది.

ప్రదర్శన రేపే. ఫ్లాస్కులో చాయ్ పోసుకుని నేనూ వెళ్తున్నాను, దాని పక్కనే నిలబడతాను. అక్క దాచుకోమన్న కోపం ఇంతకాలం ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు. రేపు ఎవరైనా ఆ గ్లాసు అంచు మీద వేలు పెట్టి చూడనీ, చెప్తాను.