ఫరంపేటలో రెండో గుట్ట

కాకినాడ నుంచి వచ్చే బస్సులో పక్కసీటు అమ్మాయికి, నేను అందరికీ చెప్పే పెద్ద చేప కథ చెప్పాను. దరియాలతిప్ప దగ్గర అది కదిలితే గోదావరి గుట్టలా లేచిందన్నాను.

ఆమె నవ్వలేదు.

"అది పాయలు కలిసేచోటు, చేప లేకపోయినా నీళ్లు లేస్తాయి బాబాయిగారూ. పాయలు కలవని చోట కూడా లేచిందా?"

"లేవకేంటమ్మా! ఫరంపేట దగ్గర కూడా అంతే గుట్ట!"

"అయితే చేపేనండి."

ఆమె ప్రోటాన్లను ఢీకొట్టించి చూసే పరిశోధకురాలట. గ్రాఫులో ఒక గుట్ట కనబడిందట. అది కొత్త కణమో, పాత కణాల వేగాలు కలిసి లేపిన ఉత్తుత్తి గుట్టో తేలక ఏళ్లుగా నలిగిపోతోందట.

"ఆ వేగాలు కలవకుండా మరోరకంగా ఢీకొట్టించి చూశాం. అక్కడా లేస్తే కణమే. రేపు తెలుస్తుంది."

యానాంలో దిగుతూ, "మీ చేప రెండుచోట్లా లేచిందంటే ధైర్యమొచ్చిందండి" అంది.

ఆ సాయంత్రమే ఫరంపేట గట్టున నిలబడ్డాను. నేను పుట్టించిన చేపను నేనే వెతుక్కోవడం అదే మొదలు.