చీటీ లేని కడ్డీ

ఈ పుస్తకం రాసినవాడు మా బామ్మర్ది, మా ఆవిడకు స్వయానా తమ్ముడు. మన దేశంలో కూలిన విమానాలు, ప్రయాణికులవీ సైన్యానివీ కలిపి, నూట పద్దెనిమిది ఇందులో ఉన్నాయి. తన గురించి మాత్రం ఒక్క ముక్క రాసుకోలేదు. ముందు నాలుగు పేజీలు మీరు రాయండి అని, దీన్ని వాడి చేతిరాతతోనే అచ్చు వేయిస్తున్న అమ్మాయి నన్ను అడిగింది. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా రాస్తాను. వాడి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా, అరవై మూడో విమానం దగ్గర అక్షరాలు వేరే చేతివి ఎందుకయ్యాయో చదివేవాళ్ళకు చెప్పాల్సినవాణ్ణి నేనే.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. విమాన ప్రమాదాల మీద విచారణ జరిపే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పెద్ద లారీ తోలాను. విమానం కూలిన చోటికి వెళ్ళి, ముక్కలన్నీ ఎక్కించుకుని, నగరం చివరనున్న మా షెడ్డుకు చేర్చడం నా పని. గాల్లో ఎగరాల్సిన వాటిని, ముప్పై ఒక్కింటిని, నేల మీద తోలాను. కొండ దారిలో రెక్క సగం లారీ బయటికి వేలాడుతుంటే దానికి కొత్తగా ఒక్క గీత పడకుండా కిందికి దించాను. వరదకు వంతెన కొట్టుకుపోతే తొంభై కిలోమీటర్లు చుట్టు తిరిగి, చెప్పిన వేళకు షెడ్డు ముందు హారన్ కొట్టాను. చిన్న విమానమైతే రెండోసారి వెళ్ళడమన్నది నా సర్వీసులో లేదు. షెడ్డులో నన్ను ‘ఒక్క ట్రిప్పు’ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వినబడితే నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

మా బామ్మర్దిని ఆ ఉద్యోగంలో పెట్టించినవాణ్ణి కూడా నేనే. పందొమ్మిదేళ్ళ వాడు, మా ఇంట్లోనే ఉండేవాడు. మాట తక్కువ. మొదటిరోజు షెడ్డు పెద్దాయన వాడి చేతికి ఒక సుద్దముక్క ఇచ్చి, నేల మీద గీసి ఉన్న విమానం బొమ్మ చెరిగిపోయింది, మళ్ళీ గియ్యమన్నాడు. నిజం విమానం ఎంత ఉంటుందో అంత బొమ్మ అది. తెచ్చిన ముక్కల్లో తోకవి తోక దగ్గర, రెక్కవి రెక్క దగ్గర ఆ గీతల మధ్య పేర్చాలి. వాడు చెప్పులు విప్పి ఆ గీతల్లోకి అడుగు పెట్టాడు. ఉద్యోగం మానేదాకా చెప్పులతో వెళ్ళలేదు. ఎందుకురా అని అడిగితే, అక్కడ మనుషులు కూర్చునేవాళ్ళు కదా బావా అన్నాడు.

ముక్కలకు చీటీలు కట్టడం వాడి పని. ప్రతి ముక్కకూ ఒక అట్టచీటీ, సన్నటి ఇత్తడి తీగతో. దాని మీద మూడు సంగతులు: నంబరు, ఎక్కడ దొరికింది, ఎలా పడి ఉంది. అందులో అసలైనది రెండోది. విమానం నేలకు గుద్దుకున్న గుంటలో దొరికిన ముక్క గుద్దుకున్నాక విరిగిందనుకోవచ్చు. గుంటకు దూరంగా, విమానం వచ్చిన దారిలో దొరికితే అది గాల్లోనే ఊడిందన్నమాట. దూరం తేడా వస్తే కారణమే తారుమారైపోతుంది. అందుకే చీటీ కట్టకుండా ఏ ముక్కనూ లారీ ఎక్కించకూడదు. చీటీ మీద వాడు పెన్సిల్‌తోనే రాసేవాడు. సిరా వానకు కరిగిపోతుంది, పెన్సిల్ గీత పోదని వాడి లెక్క.

ఇంట్లోనూ అదే వరస. తాళంచెవులకు, మందు సీసాలకు, గొడుగులకు అన్నింటికీ చీటీలే. “వీడు ఏదో ఒకరోజు నా మెడకూ ఒక చీటీ కడతాడు, వంటింట్లో దొరికింది, కోపంగా ఉంది అని,” అనేది మా ఆవిడ.

వాడు చేసిన పనులు చిన్నవి కావు. పెద్ద ప్రయాణికుల విమానం పొలాల్లో పడ్డప్పుడు పదకొండు వేల ముక్కలు వచ్చాయి. నాలుగు నెలల్లో అన్నింటినీ సుద్దగీతల మధ్య పేర్చాడు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఇది కిటికీ అంచు, ఇది సీటు కాలు అని చెప్పేవాడు. పరదేశం నుంచి వచ్చిన ఇంజనీర్లు వరసగా నిలబడి వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ ఫోటోలో వెనక కనబడే లారీ నాదే.

ఇక అరవై మూడోది. సైన్యం వాళ్ళు శిక్షణకు వాడే చిన్న విమానం. ఒక్కడే పైలట్, ఇరవై తొమ్మిదేళ్ళవాడు. నీటి కాలువ దాటి ఒక బీడులో పడింది. మేం వెళ్ళేసరికి మబ్బు పట్టి ఉంది. బామ్మర్ది గుంట దగ్గర చీటీలు కడుతున్నాడు. లారీ నిండేసరికి సాయంత్రం నాలుగైంది. వాణ్ణి సామానుతో పాటు వెనక జీపులో రమ్మని నేను ముందు బయలుదేరాను. కాలువ గట్టు మీద ఒక రైతు చెయ్యి ఊపి లారీ ఆపాడు. మూరెడు కడ్డీ ఒకటి ఇచ్చాడు. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక పలకను కదిపే కడ్డీ అది, తోకకు బయటివైపు బిగించి ఉంటుంది. గట్టు మీదే ఉన్న తన గడ్డివాము పక్కన పడిందట, ముందు ఇది పడింది, తరవాత అటు పెద్ద చప్పుడైందని చెప్పాడు.

నేను చెయ్యాల్సిన పని నాకు బాగా తెలుసు. అక్కడే ఆగాలి. కడ్డీని పడ్డచోటే పెట్టించాలి. బామ్మర్ది వచ్చి అడుగులు కొలిచి, చీటీ రాసి, కట్టాలి. ఈలోపు వాన పట్టుకుంటే గట్టు బురదలో లారీ కదలదు. సరుకు దించి, మర్నాడు మళ్ళీ రావాలి. అంటే రెండో ట్రిప్పు. నేను ఆ కడ్డీని లారీ వెనక ముక్కల మీదికి విసిరేసి గేరు వేశాను.

మూడోరోజు షెడ్డులో బామ్మర్ది దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ పనివాళ్ళున్నారు. దీనికి చీటీ లేదు బావా, ఎక్కడిది అని అడిగాడు. ‘ఒక్క ట్రిప్పు’ వైపు అందరూ చూస్తున్నారు. గుంటలోదేరా, తీగ ఊడి ఉంటుంది అన్నాను. ఒక క్షణం నా ముఖంలోకి చూసి, వెళ్ళి చీటీ రాశాడు.

ఆరు నెలలకు రిపోర్టు వచ్చింది. విమానంలో ముందుగా ఏ లోపమూ కనబడలేదు, పైలట్ జాగ్రత్త లేకుండా మరీ కిందికి దిగడమే కారణం అని రాశారు. నేను చదవలేదు. రిపోర్టులు చదవడం డ్రైవరు పని కాదని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తరవాత ఇద్దరం రిటైరయ్యాం. వాడు అప్పటికి పక్క వీధిలో వేరే ఉంటున్నాడు. బామ్మర్ది ఒక పెద్ద నోటుపుస్తకం కొని, దేశంలో కూలిన విమానాలన్నీ రాయడం మొదలుపెట్టాడు. మనవళ్ళ పుట్టినరోజులు రాసుకునే వయసులో చావులు రాసుకుంటావేంట్రా అని వెక్కిరించాను. ఇందులో ఒక సంగతుంది బావా అన్నాడు. ప్రయాణికుల విమానాల ఫైళ్ళు ఆఫీసు పై అంతస్తులో ఉండేవి, సైన్యం ఫైళ్ళు వెనక బిల్డింగులో. ఈ గదివాళ్ళు ఆ గదికి వెళ్ళరు. రెండు రకాల ముక్కలూ చేరేది మా షెడ్డుకే. అన్నింటినీ చూసింది మేమే.

రోజూ ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి, పాత పేపర్లు తిరగేసి, తేదీ, స్థలం, పోయినవాళ్ళు, కారణం అని గళ్ళు గీసి నింపేవాడు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి అడిగిన కట్టలన్నీ పైనుంచి దించి ఇచ్చేది. రెండు నెలలయ్యాక ఒకరోజు ఆ అమ్మాయి, “మాస్టారూ, అరవై మూడోదానికి కారణం ఏం రాశారు?” అని అడిగిందట. ఎందుకమ్మా అంటే, ఆ పైలట్ మా నాన్న అందట.

అప్పటికి ఆ గడి ఖాళీగానే ఉంది. వాడు దాన్ని అలా వదిలెయ్యడానికి కారణం డెబ్బై ఒకటో విమానం. నాలుగేళ్ళ తరవాత, పైలట్లకు పాఠాలు చెప్పే ఒక ప్రైవేటు స్కూలుది. అదే రకం విమానం. ఆ కుర్ర పైలట్ చెరువులో పడి బతికాడు. విమానం నడిపే కర్ర చేతిలోనే ఉంది గానీ తోక మాట వినలేదని చెప్పాడు. వాళ్ళకూ అదే కడ్డీ గాల్లో ఊడింది. ఆ ఫైలు పై అంతస్తులో, ఈ ఫైలు వెనక బిల్డింగులో. రెండూ పక్కపక్కన పడింది మా బామ్మర్ది నోటుపుస్తకంలోనే.

ఆ అమ్మాయి అడిగిన మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు.

“బావా, ఆ కడ్డీ ఎక్కడ తీసుకున్నావు?”

“ఎన్నిసార్లు చెప్పాలిరా? గుంటలోదే అన్నాను కదా.”

“ఒకసారే చెప్పావు. ఇంకోసారి చెప్పు చాలు.”

ఇరవై నాలుగేళ్ళ కిందటి సంగతి నాకేం గుర్తని కసిరాను. నా లారీ మీటరు అంకెలు నాకు ఇప్పటికీ గుర్తే. వాడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. తరవాత తొమ్మిది రోజులు రాలేదు. నాకు తిండి సయించలేదు. రోడ్డు మీద ఎవరైనా ‘ఒక్క ట్రిప్పు’ అంటే ఆ పేరు నన్ను తిట్టినట్టుండేది. మా ఆవిడ అంతా చూస్తూ ఊరుకుంది. తొమ్మిదో రోజు పళ్ళెం నా ముందు పెట్టి అంది:

“వాడు మిమ్మల్ని అడగడం లేదు. వాడికి తెలుసు. మీరు చెప్తారా లేదా అని చూస్తున్నాడు.”

మర్నాడు ఉదయం బామ్మర్ది ఇంటికి వెళ్ళి, పద, లైబ్రరీకి అన్నాను. ఆ అమ్మాయి కౌంటరు వెనక చిరిగిన పుస్తకానికి అట్ట అంటిస్తోంది. ముప్పై దాటని మనిషి, చేతులకు జిగురు. బామ్మర్ది నన్ను చూపించి, మా బావ, లారీ తోలేవాడు అన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. రైతు, గడ్డివాము, వాన, నేను వేసిన గేరు. తప్పు చెప్పిన సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినబడలేదు. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

ఏడవలేదు, తిట్టలేదు. చేతులు తుడుచుకుని ఒక కాగితం తీసుకుంది.

“గుంటకు ఎంత దూరం?”

“కిలోమీటరు నాలుగు వందల మీటర్లు. లారీ మీటరు చూశానమ్మా. అది నాకు అలవాటు.”

రాసుకుంది. రాస్తూ, తల ఎత్తకుండా, “బళ్ళో పిల్లలు అనేవాళ్ళు. మీ నాన్న కాలవలో తన ముఖం చూసుకుందామని దిగాడట కదా అని. అమ్మ కూడా చివరికి అదే నమ్మింది. పోయిన ఏడు పోయింది,” అంది.

నా సర్వీసులో ఎన్నో చూశాను. ఆ కౌంటరు ముందు నిలబడ్డంత కష్టం ఏ కొండ దారిలోనూ పడలేదు.

ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. నేను రిటైరైనప్పుడు దండ వేసిన గదిలోనే కూర్చోబెట్టారు. కొత్త ఆఫీసరు మర్యాదస్తుడు. ఇన్నేళ్ళ తరవాత ఒక పెద్దాయన నోటిమాట మీద రిపోర్టు మార్చడం కుదరదండీ అన్నాడు. ఆ ముక్కలు ఎప్పుడో కరిగించేశారు, రైతు కూడా లేడు. బామ్మర్ది నెమ్మదిగా, చీటీలు పారెయ్యరు కదా సార్, ఫైలు తెప్పించండి అన్నాడు. తెప్పించారు. కట్టలోంచి ఆ కడ్డీ చీటీ బయటికి తీశారు. ముందువైపు ‘గుంటలో’ అని ఉంది. వెనక్కి తిప్పమన్నాడు వాడు. వెనక పెన్సిల్‌తో రెండే మాటలు: ‘డ్రైవరు మాట’.

నూరేళ్ళయినా చెరగనట్టు ఉంది ఆ రాత. ఆరోజు షెడ్డులో నా ముఖంలోకి చూసి వెళ్ళి రాసింది అదన్నమాట. తను కొలవనిదాన్ని కొలిచానని రాయలేదు. అక్క మొగుణ్ణి అబద్ధాలకోరని రాయలేకపోయాడు. ఇన్నేళ్ళూ నా ఇంట్లో తింటూ, నాతో నవ్వుతూ, ఆ రెండు మాటలు కడుపులో పెట్టుకున్నాడు. మరి అప్పుడే గట్టిగా ఎందుకు నిలదీయలేదని బయటికి వచ్చాక అడిగాను. “నిలదీయాల్సింది. అది నా తప్పు,” అన్నాడు.

ఆఫీసరు ఆ చీటీని, డెబ్బై ఒకటో విమానం ఫైలునీ పక్కపక్కన పెట్టుకుని రెండింటినీ చదివాడు. నా వాంగ్మూలం రాయించి సంతకం తీసుకున్నాడు. ఐదు నెలలకు ఆ అమ్మాయికి ఉత్తరం వచ్చింది. పైలట్ తప్పు అన్న మాట తీసేశారు. దాని స్థానంలో ‘కారణం నిర్ధారణ కాలేదు’ అని పెట్టారు. కడ్డీ ఊడిందని మాత్రం రాయలేదు, చూడడానికి కడ్డీ లేదు కాబట్టి.

ఆ అమ్మాయి ఉత్తరం మా ఇంటికి తెచ్చి చదివింది. మా ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“సగమే వచ్చింది మాస్టారూ,” అంది ఆ అమ్మాయి.

“సగమేనమ్మా,” అన్నాడు బామ్మర్ది.

ఇద్దరూ నా వైపు చూడలేదు. నన్ను క్షమించానని ఆ అమ్మాయి అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. అనమని నేనూ అడగలేదు. ఈ పుస్తకం అచ్చు వేయిద్దామన్నది మాత్రం తనే. మొదట్లో ముప్పై ఒకటి తోలానని గొప్పగా రాశాను. ముప్పై అని చదువుకోండి. ఒకదాన్ని పూర్తిగా చేర్చలేదు.

ఆరోజు ఆ అమ్మాయి వెళ్ళబోతుంటే బామ్మర్ది ఆగమని, నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. అరవై మూడో వరస, కారణం గడి ఖాళీ. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయిరా, నువ్వే రాయి అన్నాను.

“దూరం కొలిచింది నువ్వు. నువ్వే రాయాలి,” అన్నాడు.

చొక్కా జేబులోంచి పెన్ను తీశాను. వాడు దాన్ని పక్కన పెట్టి పెన్సిల్ అందించాడు. ఆ అమ్మాయి నా భుజం వెనక నిలబడి చూస్తుండగా ఒక్కో అక్షరమే కూడబలుక్కుని రాశాను: కడ్డీ కాలువ గట్టు మీద, గడ్డివాము పక్కన దొరికింది. గుంటకు కిలోమీటరు నాలుగు వందలు. చీటీ కట్టలేదు. చెప్పినవాడు డ్రైవరు.