గొలుసొక్కటే మారిస్తే ఫాయిదా లేదు

ఆ సైకిల్ నేను కొనుక్కున్నది కాదు. మెదక్ మిషన్ దవాఖానలో మా డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ, "ఊళ్లు తిరిగేదానివి నువ్వే కదా" అని నాకు ఇచ్చిపోయింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కాన్పులు చూసే నర్సును. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి నొప్పులు మొదలైనా తోలు సంచి వెనక కట్టుకుని ఆ సైకిల్ మీదే పోయేదాన్ని. ఆడమనిషి సైకిల్ తొక్కడం చూడటానికి జనం పొలాల్లోంచి గట్ల మీదికి వచ్చేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లకే విసుగొచ్చి మానేశారు.

మంచి బండే. కాని గొలుసుకు అడ్డంగా ఉండాల్సిన రేకు డబ్బా నా చేతికి రాకముందే ఊడిపోయింది. మా బాటల్లో ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. రెండూ నేరుగా గొలుసులోకే పోయేవి.

మొదట హెచ్చరించింది బజారులో సైకిల్ దుకాణం నడిపే మిస్త్రీ. అరవై దాటిన ముసలాయన, తెల్ల గడ్డం, వేలి గోళ్ల నిండా నల్లని జిడ్డు. అందరికీ ఆయన చాచా. ఒకసారి పంక్చరు వేయించుకోవడానికి వెళ్తే, అడగకుండానే గొలుసును ముందరి పళ్ల చక్రం మీద రెండు వేళ్లతో పట్టుకుని ముందుకు లాగాడు. గొలుసుకూ చక్రానికీ మధ్య సందు తేలింది. అందులో అగ్గిపుల్ల దూర్చి చూపించాడు.

"చూసినవా నర్సమ్మా? అగ్గిపుల్ల దూరిందంటే గొలుసు సాగినట్టు. గిప్పుడైతే గొలుసొక్కటి మారిస్తే చాలు. గిట్లనే తొక్కితే చక్రం పండ్లను తింటది. అప్పుడు ముందర పండ్ల చక్రం, ఎనక పండ్ల ఫ్రీవీలు, గొలుసు, మూడు మార్వాలె."

"మంచిగనే నడుస్తుంది గద చాచా."

"నడిచేటప్పుడే మార్వాలె. ఆగినంక ఎవడైనా మారుస్తడు."

మారుస్తాలే అని వచ్చేశాను. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన మిషన్ బడిలో లెక్కల పంతులు. నడుస్తున్న వస్తువును ముట్టుకోవడం ఆయన దృష్టిలో పాపం. "దుకాణపోడు మార్వమనే అంటడు. నడిచినన్ని దినాలు నడవనియ్యి" అన్నాడు. నాకూ ఆ మాటే హాయిగా అనిపించింది. ఆ రోజు నేను విన్నది తప్పు మనిషి మాట.

మరుసటి ఏడాదికి గొలుసు జారడం మొదలుపెట్టింది. చదునైన బాటలో బుద్ధిగా ఉండేది. మిట్ట ఎక్కేటప్పుడు కాస్త బలంగా తొక్కితే చాలు, టక్కుమని ఒక పన్ను దాటేది. కాలు ఒక్కసారిగా శూన్యంలోకి పోయి, మోకాలి కింది ఎముక పెడలుకు కొట్టుకునేది. నా రెండు కాళ్ల మీద ఆ మచ్చలు చాలా ఏళ్లు ఉన్నాయి. చీర కుచ్చిళ్లకు జిడ్డు, చేతులకు జిడ్డు. కాన్పుకు పోయిన ప్రతి ఇంట్లో ముందు నా చేతులకే వేడినీళ్లు, సబ్బూ కావలసి వచ్చేవి.

మళ్లీ చాచా దగ్గరికి పోయాను. కొత్త గొలుసు ఒకటి, నూనె కాగితంలో చుట్టి, గోడకు వేలాడుతూ ఉంది.

"అది ఎయ్యి చాచా" అన్నాను.

ఆయన వంగి చక్రం పళ్లు చూశాడు. అవి అరిగి కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగిపోయాయి.

"ఎయ్య" అన్నాడు.

"ఎందుకెయ్యవ్? నీ ఎదురుంగనే ఉన్నది గద!"

"ముసలెద్దు పక్కన కోడెను కడ్తరా అమ్మా? రెండూ ఖరాబైతయి. గా పండ్ల మీద కొత్త గొలుసు నాలుగు దినాలు గూడ నిలువది. మూడు దొరికినప్పుడు మూడు ఏస్త. అందాక పాతదాన్నే తొక్కు. పాతయి పాతయి ఎట్లనో కల్సి సంసారం చేస్తయి."

"మూడు ఎప్పుడు దొరుకుతయి?"

ఆయన ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. అవి నిజాం సంస్థానానికీ ఇండియన్ యూనియన్‌కూ పొత్తు చెడిన రోజులు. సరిహద్దు దాటి సరుకు రావడం లేదు. ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు, మా దవాఖానలో అయొడిన్‌ను చుక్కలుగా వాడేవాళ్లం. ఇక సైకిల్ పళ్ల చక్రాలు ఎవరు తెస్తారు? అయినా గోడ మీద గొలుసును పెట్టుకుని ఇవ్వననడం చూస్తే నాకు ఒళ్లు మండింది. ఒక నెలలో నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఎద్దు సంగతే చెప్పాడు.

మా ఆయన మధ్యలో ఒక ఉపాయం కనిపెట్టాడు. "గొలుసు సాగితే పొడుగైనట్టు. ఒక లంకె తీసేస్తే సరిపోతది, గింత లెక్క తెల్వదా మీకు?" అని ఆదివారం మిషన్ గుడిలో ప్రార్థన నుంచి వచ్చీ రాగానే మేకు, సుత్తీ పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నమంతా కొట్టి ఒక లంకె ఊడగొట్టాడు. బిగుతుగా అయితే అయింది. కాని అరిగిన పళ్లు అరిగినట్టే ఉన్నాయి కదా. మర్నాడు దవాఖాన దాకా పోయేలోపు ఏడుసార్లు జారింది. ఇంటికొచ్చి చెబితే, "నువ్వు గట్టిగ తొక్కుతున్నవ్" అన్నాడు.

ఆ వానాకాలం చివర్లో, ఒక ఉదయం కుల్చారం వైపు పల్లె నుంచి ఒక రైతు పరుగున వచ్చాడు. భార్యకు ముందు రోజు నుంచి నొప్పులు. రజాకార్లు పట్టుకుపోతారన్న భయంతో ఎవరూ ఎడ్లబండి కట్టడం లేదు. సంచి సైకిల్‌కు కట్టి బయలుదేరాను. రైతు పక్కనే పరుగెత్తుతున్నాడు. సైకిల్ ఉన్నందుకు నేను ముందుండాలి కదా? ప్రతి మిట్ట దగ్గరా గొలుసు ఊడేది. నేను దిగి వేసుకునేసరికి ఆయన ముందు నిలబడి నాకోసం చూస్తూ ఉండేవాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండు.

వాగు దాటి పైకి ఎక్కుతుంటే గొలుసు వెనక ఫ్రీవీలుకూ చువ్వలకూ మధ్య ఇరుక్కుంది. ముందుకు కదలదు, వెనక్కి రాదు. నేను బురదలో కూర్చుని గుంజుతున్నాను. తలెత్తేసరికి ఖాకీ బట్టల్లో నలుగురు. ముగ్గురి చేతుల్లో కర్రలు, ఒకరి దగ్గర తుపాకి.

రైతు వెంటనే చేతులు జోడించాడు. కర్రల వాళ్లలో ఒకడు ఎక్కడికని ఉర్దూలో గద్దించాడు. దవాఖాన నుంచి, కాన్పుకు పోతున్నామని చెప్పాను. వాడు కర్రతో నా సంచిని పొడిచాడు.

అప్పుడు నాకు భయపడే ఓపిక కూడా లేదు. "గా సంచి ముట్టకుండ్రి! ఉడకబెట్టిన సామాన్లున్నయ్. మీ కర్ర మట్టి తగిలితే బాలింత సస్తది!" అని అరిచాను.

తుపాకి ఉన్నవాడు పొడుగు మనిషి. వాడు నన్ను చూడలేదు, సైకిల్‌ను చూస్తున్నాడు. తుపాకిని పక్కవాడికిచ్చి కింద కూర్చున్నాడు. సీటు కింది సంచిలోని పానాతో నట్లు తిప్పి వెనక చక్రం కాస్త వదులు చేసి, ఇరుక్కున్న గొలుసును ఒక్క మెలికతో బయటికి తీశాడు. పని తెలిసిన చెయ్యి. ఎక్కడో సైకిల్ దుకాణంలో చేసి ఉంటాడు.

"గొలుసు సాగిందమ్మా" అన్నాడు తెలుగులో. "పండ్లు గూడ పోయినయ్. గొలుసొక్కటే మారిస్తే ఫాయిదా లేదు. మూడు మార్వాలె."

"గా ముచ్చట నాకు ఏడాది సంది ఎరికే!" అన్నాను.

వాడు లేచి తుపాకి మళ్లీ అందుకున్నాడు. "నువ్వు పో. వీడు ఈడనే ఉంటడు" అన్నాడు రైతును చూపిస్తూ.

"తొవ్వ ఎవరు చూపెడ్తరు? ఆయన రాకుంటే నేను పోను. నేను పోకుంటే గా పిల్ల సస్తది. మీ ఇష్టం" అని సైకిల్‌ను కింద పడేసి నిలబడ్డాను. అది ధైర్యమని తర్వాత చాలామంది అన్నారు. కాదు. ఆ రోజు ఇంకొక్క మాట వినే స్థితిలో లేను, అంతే. వాళ్లు వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

అరకోసు పోయాక గొలుసు పూర్తిగా తెగిపోయింది. మా ఆయన మేకుతో కొట్టిన లంకె దగ్గరే. సైకిల్‌ను నెట్టుకుంటూ మిగతా దారి నడిచాను. మేము చేరేసరికి బిడ్డ పుట్టేసింది. ఊరి ముసలమ్మ బొడ్డు కూడా శుభ్రంగా కోసింది. కాని మాయ పడలేదు, నెత్తురు ఆగడం లేదు. చేతులకు అంటిన జిడ్డు ఎంత తోమినా పోదు. ఆ తోముడు నేను ఎప్పటికీ మరచిపోలేదు. లోపల ఒక మనిషి ప్రాణం పోతోంది, బయట నేను బూడిదతో, సబ్బుతో వేళ్లు రుద్దుకుంటున్నాను. చివరికి మాయ తీశాను. నెత్తురు ఆగింది. తల్లి బతికింది.

అంతా అయ్యాక బాలింత అత్త నా వైపు చూసి, "సైకిల్ లేకుంటే జర జల్ది వస్తుంటివేమో నర్సమ్మా" అంది. ఆమె చెప్పింది నిజమే.

కొద్ది రోజులకే పోలీస్ యాక్షన్ జరిగింది. మిలిటరీ లారీలు వచ్చాయి. ఖాకీ బట్టల వాళ్లు ఒక్క పూటలో మాయమయ్యారు. జనం బజార్లో ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ తర్వాత పగలు తీర్చుకోవడం మొదలైంది. కర్రలు పట్టుకుని తిరిగినవాళ్లు దొరకలేదు. వాళ్ల మతంలో పుట్టినవాళ్లు దొరికారు.

మా దవాఖాన వెనక గదుల్లో కొన్ని కుటుంబాలు వచ్చి చేరాయి. ఒక రోజు రొట్టెలు పంచుతుంటే గోడకు ఆనుకుని చాచా కనిపించాడు. పక్కన ఆయన భార్య. చాచా జీవితంలో గాలి పంపు తప్ప ఇంకేదీ ఎత్తి ఎరగని మనిషి. ఇల్లు వదిలేటప్పుడు బట్టలు కూడా తెచ్చుకోలేదు, నట్లు విప్పే పానాల మూట మాత్రం ఒళ్లో ఉంది.

నన్ను చూసి, "తెగిందా?" అన్నాడు.

"తెగింది" అన్నాను. ఆయన్ను తిట్టాలని దాచుకున్న మాటలన్నీ పక్కన పెట్టి ఇద్దరి చేతుల్లో రొట్టెలు పెట్టాను.

బాటలు తెరుచుకున్నాక మా ఆయన బడి పని మీద సికింద్రాబాదుకు బయలుదేరాడు. నేను చీటీ రాసి జేబులో పెట్టాను: గొలుసు, ముందరి పళ్ల చక్రం, ఫ్రీవీలు. నోటితో కూడా మూడుసార్లు చెప్పాను. మూడో రోజు నవ్వుతూ తిరిగి వచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. గొలుసు. గొలుసొక్కటే.

"మిగిలినయేవి?"

"పాతయి మంచిగనే ఉన్నయ్ గద?"

"చీటీ రాసిచ్చిన గద!"

జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చీటీ పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. ఆ రోజు నేను అన్నం వండలేదు. ఆ సంగతి చెబితే దవాఖాన వెనక గదిలో చాచా నవ్వాడు. వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలని భార్య చెప్పింది. "లెక్కల పంతులుకు మూడు లెక్కపెట్టరాదా?" అని అడిగి మళ్లీ నవ్వాడు. పాపం, మా ఆయన ఆ మాట పడి, మరుసటి వారమే మళ్లీ పోయి మిగిలిన రెండూ తెచ్చాడు.

"ఇగ ఎయ్యి చాచా" అన్నాను, దవాఖాన వరండాలో సైకిల్ నిలబెట్టి.

ఆయన పానాల మూట విప్పలేదు. "చక్రాన్ని కదలకుండ పట్టే పట్టుగొయ్య దుకాణంల ఉన్నది. అది లేకుంటే చక్రం కూసోదు" అన్నాడు.

"దుకాణానికే పోదాం పాండ్రి."

ఆయన మూటను ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. పోవడానికి భయపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. పట్టుగొయ్య సంగతి సాకో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనా నేనూ ఆయనకు చెరో పక్క నడిచి బజారుకు తీసుకుపోయాం. దుకాణం పలక ఒకటి పగిలి ఉంది. ట్యూబులు లేవు, పంపు లేదు, గోడ మీది గొలుసు కూడా లేదు. చాచా గుమ్మంలోని పలక ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత కూర్చుని పని మొదలుపెట్టాడు.

బజారు జనం దూరం నుంచే చూస్తున్నారు. దగ్గరికి ఎవరూ రారు. చాచా చక్రం కూర్చోబెట్టాడు, ఫ్రీవీలు బిగించాడు, గొలుసు వేశాడు. నేను పెడలు తిప్పి చూశాను. గొలుసు కాస్త వదులుగా ఉందనిపించింది.

"గింత లూజు ఎందుకు చాచా? మల్ల జారుతది!"

"బిగబడితే అరుగుతది. అర ఇంచు ఊగాలె."

"ఏడాది నుంచి నీ మాట ఇనే నా కాళ్లు పగిలినయ్!"

"నా మాట ఇంటే గొలుసు అప్పుడే మారుస్తుంటివి!"

నిజంగానే కోపం వచ్చింది. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. మా ఆయన మధ్యలో దూరి ఏదో లెక్క చెప్పబోతే ఇద్దరం కలిసి ఆయన్ను కసిరాం. ఈ గోలకు నలుగురు దగ్గరికి వచ్చారు. అది గమనించాక నేను నోరు తగ్గించలేదు, ఇంకాస్త పెంచాను. తూప్రాన్ వైపు నుంచి వచ్చిన రైతు ఒకడు తన సైకిల్ దించి, "సాబూ, జర గాలి కొడ్తవా?" అని అడిగాడు.

"పంపు లేదు" అన్నాడు చాచా తల ఎత్తకుండా.

ఎదురుగా చాయ్ దుకాణం ఆయన లోపలికి పోయి, సంచిలో చుట్టిన పంపు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "ఎవలన్న ఎత్కపోతరని నేను దాచిన" అన్నాడు. దాచాడో, ఎత్తుకుపోయాడో ఎవరూ అడగలేదు. చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వాసరు ఎండింది" అని గొణిగి, నూనె చుక్క వేసి రైతు చక్రానికి తగిలించాడు.

నాకు డ్యూటీకి ఆలస్యమైంది. సైకిలెక్కి దవాఖాన మిట్ట వైపు మళ్లించాను. అలవాటుకొద్దీ మిట్ట మొదట్లోనే కాళ్లు బిగబట్టుకున్నాను. గొలుసు జారలేదు.