బావ తినిపించిన థాయ్‌లాండ్

మా బావకు చీపురుపల్లిలో సిమెంటు కొట్టు ఉంది. ఆ మధ్య సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లందరినీ బ్యాంకాక్ తిప్పి తీసుకొచ్చారు. అక్కడున్నన్నాళ్లూ అక్క సీసాలో కట్టిచ్చిన ఆవకాయ, వెంట వెళ్లిన తెలుగు వంటవాడు వండిన సాంబారన్నం తప్ప ఆయన మరేదీ నోట పెట్టలేదు. తిరిగొచ్చిన రోజున ఆ మాట తానే చెప్పాడు. నెల తిరిగేసరికి అది మరిచిపోయి, థాయ్ తిండి గురించి మాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ యాత్రకే వెళ్లిన మరో డీలరు ఈ మధ్య విజయనగరంలో థాయ్ స్ట్రీట్ ఫుడ్ హోటల్ తెరిచాడు. అప్పటికి అక్క కూతురు ఐదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. పిల్లకు ఏదీ సయించడం లేదన్న వంక పెట్టుకుని బావ తల్లీకూతుళ్లిద్దరినీ కారెక్కించాడు. విజయనగరంలోనే హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి నన్నూ రమ్మన్నారు.

స్ట్రీట్ ఫుడ్ అంటే వీధి తిండి. ఆ హోటలు మాత్రం అద్దాల తలుపుల వెనక, ఒణుకు పుట్టించే ఏసీలో ఉంది. హాలు నడుమ గులాబి రంగు వేసిన ఆటో ఒకటి నిలబెట్టారు. అందులో కూర్చుని ఫొటో దిగాలట. గోడకు వీధి బొమ్మ వేయించారు. స్పీకర్లోంచి బ్యాంకాక్ వీధుల రొద, హారన్ల మోత వినిపిస్తున్నాయి. బయట రోడ్డు మీద అంతకు రెట్టింపు మోత ఊరికే దొరుకుతోంది. ఆ గుమ్మం పక్కన ఎన్నో ఏళ్లుగా ఒక బజ్జీల బండి ఉండేది. హోటలు అందం చెడుతుందని యజమాని దాన్ని తీయించేశాడు. వీధి తిండి అమ్మడానికి వీధిలో తిండి అమ్మేవాణ్ణి తరిమినవాణ్ణి నేను అతన్నొక్కణ్ణే చూశాను.

యజమాని ఏనుగుల బొమ్మల చొక్కా వేసుకుని తానే ఎదురొచ్చాడు. అక్క కూతురి పొట్ట చూసి, "శుభం, శుభం, ఎన్నో నెలమ్మా?" అని అడిగి మరీ కూర్చోబెట్టాడు. ఏం తినాలో బావా అతనూ తేల్చుకున్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ముందు పులుసు లాంటిది వచ్చింది. అందులో నిమ్మగడ్డి ముక్కలు తేలుతున్నాయి. అవి వాసన కోసం వేసేవి, తినేవి కావు. బావ ఒక ముక్కను ములక్కాడలా నమిలాడు. పీచు నలగలేదు. ఉమ్మడానికి పరువు అడ్డొచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని మింగాడు.

"అసలైన రుసంటే ఇదే" అన్నాడు నాతో.

"అక్కడ తిన్నావా బావా?" అన్నాను.

"తినకుండా ఎలా తెలుస్తాది?" అన్నాడు. అక్క తల వంచుకుని నవ్వాపుకుంది.

తరవాత మట్టి గిన్నెలో ఏదో కాయ సన్నగా తురిమి, పచ్చిమిరపకాయలు, పల్లీలు, నిమ్మరసం వేసి కలిపింది తెచ్చారు. అక్క కూతురు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఇది బాగున్నాది" అంది. వారం రోజుల్లో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలట. ఇంకో చెంచా తింది. అక్క సంబరపడి తానూ కొంచెం నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది.

"ఏటండీ ఇది?" అని యజమానిని అడిగింది.

"సోమ్ తమ్ అంటారండి."

"పేరు కాదు నానడిగింది. ఏ కాయ?"

"గ్రీన్ పపాయా అండి."

"పచ్చి బొప్పాయా?" అంటూనే అక్క గిన్నె లాగేసింది. "కడుపుతో ఉన్న పిల్ల ముందర ఎట్టినావా దీన్ని?"

"అక్కడ అందరూ తింటారమ్మా. ఏటీ అవదు."

"అక్కడోళ్ల సంగతి నాకెందుకు? ఎన్నో నెలని అడిగినావు గదా. అడిగి కూడా ఎట్టినావు."

అతను మా బావ వైపు చూశాడు. బావ మాట్లాడాడు, కానీ అతనితో కాదు.

"అరవకే, నలుగురూ సూస్తన్నారు" అన్నాడు అక్కతో.

అప్పటికే అక్క కూతురు ఏడుపు మొహం పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, "పిన్నీ, ఏటైనా అవుతాదా?" అంది. రెండు చెంచాలకు ఏమీ కాదని నాకు తెలుసు. నేను చెబితే నమ్మదని, దాన్ని చూసే డాక్టరమ్మకు అక్కడే ఫోన్ చేసి చేతికిచ్చాను. "ఆ కాస్తకు ఏం కాదు, ఇంక తినకు, ఇంటికెళ్లి పడుకో" అందావిడ. పిల్ల ఊపిరి పీల్చుకుంది. అక్క దాన్ని లేపి కారు దగ్గరికి నడిపించుకుపోయింది.

బావ కదల్లేదు. తెప్పించినవి వదిలేస్తే స్నేహితుడు ఏమనుకుంటాడోనని తియ్యటి నూడుల్సు ఆఖరి పోగు దాకా తిన్నాడు. కారు తాళం ఆయన జేబులో ఉంది కాబట్టి నేను కాపలా ఉండిపోయాను. చివరికి యజమాని బావ భుజం మీద చెయ్యేసి గులాబి ఆటో వైపు నడిపించాడు. కూతురు బయట ఎండలో నిలబడి ఉండగా, మా బావ ఆ ఆటోలో కూర్చుని రెండు వేళ్లు ఎత్తి ఫొటో దిగాడు. ఫొటో నన్నే తియ్యమన్నాడు. తియ్యనన్నాను. యజమానే తీశాడు.

అందరినీ మా ఇంటికి తీసుకొచ్చి అన్నం, టమాటా పప్పు వండి, వడియాలు వేయించాను. అక్క కూతురు కడుపునిండా తిని, ఫ్యాను కింద చాప మీద నిద్రపోయింది. బావ మూడుసార్లు పప్పు వేయించుకున్నాడు. మధ్యలో గజపతినగరం నుంచి ఎవరో స్నేహితుడు ఫోన్ చేసి ఆ థాయ్ హోటలు ఎలా ఉందని అడిగాడు. బావ ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని, నోట్లో ముద్ద ఉండగానే, "ఇప్పుడే తినొచ్చాం. నువ్వూ ఇంటోళ్లని తీసుకెల్లు, నా పేరు సెప్పు" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. పప్పు గిన్నె తీసి వంటింట్లో పెట్టేసి వచ్చి, కూతురి పక్కన పడుకుంది.