తనంతట తానే రాసుకునే టీవీ

వచ్చేశారండీ! పోతురాజు గారు ప్రాణాలతో ఇంటికొచ్చేశారు! మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. ఆ పట్టా చేతికొచ్చినరోజు కూడా ఇంతలా గెంతలేదు.

ఈ ఏడాది దివిసీమలో టీవీలకు ఇంటర్నెట్ పెట్టే ఉద్యోగంలో చేరాను. నిన్న మధ్యాహ్నం సముద్రం పక్కనున్న పల్లెలో నాంచారమ్మ గారింటికి కంప్లయింట్ మీద వెళ్లాను. ఆవిడ భర్త పోతురాజు గారు తమ్ముడితో గొడవపడి, నెలల క్రితం ఇల్లు వదిలారు. మర్నాడు ఆయన పడవ ఖాళీగా తేలింది. శవం దొరకలేదు. ఎల్లుండి కర్మ చేసేద్దామని పెద్దలు తేల్చేశారు.

"నేను రిమోట్ ముట్టుకోలేదమ్మా. అదే రాసుకుంటంది," అన్నారావిడ, గుమ్మం దాటి లోపలికి రాకుండా.

టీవీలో, వెతికిన మాటల వరసలో "రేపు గాలి ఎటు అండీ" అని ఉంది. దాని కింద "మోపిదేవి అభిషేకం పెట్టండీ". నేను చూస్తుండగానే పైన ఇంకో వరస పుట్టింది: "గుడివాడ నుంచి అవనిగడ్డ బస్సు ఎన్నింటికండీ."

నేను వెంటనే సెట్టింగ్స్ తెరిచి చూశాను.

అది పోతురాజు గారి అకౌంట్. ఒకే అకౌంట్ ఫోన్లోనూ టీవీలోనూ ఉంటే, ఒకచోట వెతికింది రెండోచోటా కనిపిస్తుంది. దాన్ని సింక్ అంటాం. అంటే ఆయన ఫోన్ ఎక్కడో పనిచేస్తోంది. ఎవరి చేతిలో?

"చచ్చినోడు బస్సెక్కుతాడా వదినా? ఎవడో ఫోన్ కొట్టేసుంటాడు," అన్నాడు పక్కనే ఉన్న ఆవిడ మరిది.

నాంచారమ్మ గారు తెర దగ్గరికొచ్చి "అండీ" మీద వేలు పెట్టారు. "ఫోన్లో నోటితో అడిగితే ఆడమనిషి పలుకుద్దని, మా మావ దాన్ని కూడా అండీ అంటాడు. దొంగోడెందుకంటాడు?"

ఇక్కడ పలికింది ఆయన ఫోన్లోనూ కనిపిస్తుందని చెప్పి, రిమోట్ మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"మావా, ఎల్లుండి నీ కర్మంట. ఉంటే రా."

తెర కదల్లేదు. చాలాసేపటికి ఒక వరస పుట్టింది: "మా ఆవిడకి వస్తున్నానని చెప్పండీ."

ఈ ఉదయం బస్సు దిగారు. నందివాడ దగ్గర చేపల చెరువులకు కాపలా ఉంటున్నారట. పడవ తాడూడి కొట్టుకుపోయిందనే ఆయనకు తెలియదు. రోషానికి నంబరు మార్చేశారు; ఇంటికెళ్దామా వద్దా అని బస్సులు మాత్రం అడుగుతూనే ఉన్నారు.

సిగ్నల్ వస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ సిగ్నల్లో ఎవరు పలుకుతున్నారో కూడా వినాలని ఇప్పుడు తెలిసింది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: మా అమ్మ, బందరు ఆఫీసులో సార్, వంటవాళ్లు, షామియానా వాళ్లు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ షాపు, రేపు కర్మ చేయించడానికి బయల్దేరే పంతులు గారు.