లాకు దగ్గర యాభై రెండు పుస్తకాలు

నాకు మొదటి ఉద్యోగం ముత్తుకూరు అవతల, బకింగ్‌హాం కాలువ గట్టున ఉన్న ఒక చిన్న ఊళ్ళో వచ్చింది. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త. టీచరు ట్రైనింగు పూర్తయిన ఆర్నెల్లకే ఆర్డరు చేతికొచ్చిందని ఇంట్లో అందరూ సంతోషించారు గానీ, నెల్లూరులో పుట్టి పెరిగిన నాకు ఆ ఊరు చూడగానే నీరసం వచ్చింది. ఒకవైపు ఉప్పు మళ్ళు, ఒకవైపు వరి పొలాలు, మధ్యలో కాలువ. బడి అంటే రెండు గదులు. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక పలకరించే మనిషి ఉండేది కాదు.

నాకు ఇల్లు వెతికిపెడతానని బయలుదేరి, చివరికి తన ఇంట్లోనే సగం ఇచ్చిన మనిషి అక్కడి ప్రసూతి కేంద్రంలో నర్సు. నాకంటే పదేళ్ళు పెద్దది. ఊరంతా నర్సమ్మ అనేవాళ్ళు, నేను అక్కా అనేదాన్ని. క్రైస్తవురాలు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె వంటింటి గోడకు వాళ్ళ చర్చిలో ఇచ్చిన అచ్చు కాగితం ఒకటి వేలాడుతూ ఉండేది. ఏడాది పొడవునా ఏ రోజు బైబిలు ఎంత చదవాలో అందులో ఉంటుంది. అక్క రోజూ కాఫీకి ముందే ఆ నాటి భాగం చదివేసి, పెన్సిలుతో ఒక గీత పెట్టేది. అలా మొదటినుంచి చివరి దాకా చదవడం ఆమెకు అది పదకొండోసారి.

"ఇట్లా ఏడాదికి ఒక లెక్క పెట్టుకుని చదవడం బాగుంది అక్కా. నేను కథల పుస్తకాలు చదువుతాను గానీ, ఎప్పుడు దొరికితే అప్పుడే," అన్నాను ఒకరోజు.

"అయితే నువ్వూ పెట్టుకో. వారానికొకటి. నేనూ నీతోపాటు చదువుతా. కథలు చదవొద్దని మా పాస్టరుగారు ఎప్పుడూ చెప్పలా," అంది నవ్వుతూ.

వారానికొకటి అంటే యాభై రెండు. అన్ని పుస్తకాలు ఎక్కడినుంచి వస్తాయి? ముత్తుకూరు గ్రంథాలయంలో ఉన్నవి రెండు బీరువాలు. కానీ అక్క మరునాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని లాకు దగ్గరికి నడిచింది.

ఆ కాలువలోకి సముద్రపు పోటు ఎక్కేది, దిగేది. నీటిమట్టం సరిచేసి పడవలను దాటించడానికి అక్కడ రెండు జతల పెద్ద తలుపులు ఉండేవి. దాన్నే లాకు అంటారు. మద్రాసు నుంచి వచ్చే సరుకు పడవలు పోటు కోసం అక్కడ గంటలకొద్దీ ఆగేవి. లాకు చూసుకునే గుమాస్తా ఇల్లు గట్టుమీదే. నలభై అయిదేళ్ళు ఉంటాయి, సన్నటి మనిషి, చెవిమీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఆయన చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆయన ముందుగదిలోకి అడుగుపెట్టి నేను నోరు తెరిచాను. గోడ వెంబడి కిరోసిన్ డబ్బాలు వచ్చే చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, వాటి నిండా పుస్తకాలు. పడవ నడిపించే పెద్దలను సరంగులు అనేవాళ్ళు. ఆ సరంగులే మద్రాసు పాతపుస్తకాల బజారులో తెలుగు పుస్తకం ఏది కనపడినా ఆయన కోసం కొని తెచ్చేవారు.

అక్క మా సంగతి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మీకు ఇబ్బంది లేకపోతే నేను గూడా ఉండొచ్చునా అమ్మా?" అని అడిగాడు. ఇన్ని పుస్తకాలు ఉన్న మనిషి నిన్నగాక మొన్న వచ్చిన నన్ను అనుమతి అడుగుతున్నాడు! సిగ్గుతో, "మీరే మాకు పెద్ద, అన్నా," అన్నాను.

జనవరి మొదటి ఆదివారం మొదలుపెట్టాము. అక్క చర్చినుంచి వచ్చి, భోజనాలయ్యాక, ముగ్గురం ఆయన ముందుగదిలో కూర్చునేవాళ్ళం. ఆయన భార్య మజ్జిగ ఇచ్చేది. పడవల వివరాలు రాసే పాత రిజిస్టరు ఒకటి పనికిరాక మూలనపడి ఉంటే దాన్నే బయటికి తీశాడు. పడవ పేరు ఉండే గడిలో పుస్తకం పేరు, తరువాత మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు. చివర 'సరుకు' అనే గడి ఉండేది. అందులో ఆ పుస్తకం గురించి ఒక్క వాక్యం రాయాలన్నాడు.

అక్క ఎక్కడికి పోయినా సంచిలో కత్తెర, దూది, డెట్టాలుతోపాటు పుస్తకం ఉండేది. ఒక సెలవునాడు తొలికాన్పుకు పోతూ నన్నూ సాయం రమ్మంది. పొద్దున పోతే మధ్యాహ్నమైనా కాన్పు కాలేదు. అక్క మంచం పక్కన పీట వేసుకుని, ఒక చెయ్యి ఆ పిల్ల పొట్టమీద పెట్టి, రెండో చేత్తో పుస్తకం పట్టుకుంది.

"ఏంది నర్సమ్మా, నాకిక్కడ ప్రాణం పోతా ఉంటే నువ్వు చదువుకుంటా ఉండావు!" అని ఏడ్చింది ఆ పిల్ల.

"నీకింకా టైముండాది తల్లీ. పోనీ గట్టిగా చదవనా?"

గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నొప్పి వచ్చినప్పుడు ఆపేది, తగ్గగానే అందుకునేది. రెండు మూడుసార్లు అట్లా అయ్యాక ఆ పిల్లే, "చెప్పమ్మా, ఆమె ఆ ఇంటికి పొయ్యిందా లేదా?" అని అడిగింది. వాకిట్లో కూర్చున్న అత్తగారు కూడా తలుపు దగ్గరికి జరిగింది. మూడు గంటలకు ఆడపిల్ల పుట్టింది. అన్నీ శుభ్రం చేసి అక్క సంచి సర్దుకుంటుంటే, "మిగిలింది చదివి పో నర్సమ్మా," అంది అత్తగారు. అక్క మళ్ళీ పీట వేసుకుని ఆ అధ్యాయం ముగించాకే లేచింది. ఆ ఆదివారం రిజిస్టరులో సరుకు గడిలో ఏం రాసిందో తెలుసా? "ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం."

ఇక నా సంగతి చెప్పాలి. నాకు చదవడం మీద ఎంత ఇష్టమో ముందుండటం మీద అంతకంటే ఎక్కువ ఇష్టమని ఆ ఏడాదే తెలిసింది. సన్న పుస్తకాలు ఏరుకునేదాన్ని. మే నెలకే అందరికంటే నాలుగు పుస్తకాలు ముందున్నాను. ఆ నాలుగూ నేను పూర్తిగా చదవనివే. మొదలు పది పేజీలు, మధ్యలో ఒక పది, చివర రెండు తిప్పి, సరుకు గడిలో గొప్పగా ఒక వాక్యం రాసేసేదాన్ని. వాటిలో ఒక నవలను ఆయన మొదటి కాసిని పేజీలే చూసి నాకిచ్చాడు. ఒక ఆదివారం మామూలుగా అడిగాడు.

"ఆ గొర్రెల కాపరి ముసలాయన చివరికి ఏమయినాడు టీచరమ్మా?"

నాకు గొర్రెల కాపరి ఉన్నట్టే గుర్తులేదు. "చనిపోయాడన్నా," అన్నాను.

"అయ్యో," అన్నాడు నిజంగా బాధపడుతూ. ఆ ముఖం చూసి అప్పుడే నిజం చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

జూన్‌లో ఒక సరంగు లావుపాటి నవల ఒకటి తెచ్చాడు. అట్టలేదు, రాసిందెవరో తెలియదు. చిన్నప్పుడు ఇల్లు విడిచిపోయిన అన్నను ఒక చెల్లెలు ఇరవై ఏళ్ళు ఊరూరా వెతికే కథ. ముగ్గురం ఒకరి తరవాత ఒకరం వారం రోజుల్లో చదివేశాము. చివరికి ఆమె ఒక ఇంటి గుమ్మంలో నిలబడుతుంది, లోపల నేతమగ్గం దగ్గర కూర్చున్న మనిషి తల ఎత్తుతాడు, ఆమె నోరు తెరుస్తుంది. అంతే. అక్కడితో పేజీలు లేవు.

అక్కకు కోపం వచ్చింది. "నాలుగు వందల పేజీలు నడిపించి గుమ్మంలో నిలబెట్టి పోతే ఎట్టా? ఇది లెక్కలోకి వస్తుందా, రాదా?"

"నేనయితే రాసేస్తాను," అన్నాను వెంటనే.

ఆయన పుస్తకాన్ని అటూఇటూ తిప్పి, "ఇది ఇంకా అయిపోలా గదమ్మా," అన్నాడు నెమ్మదిగా. రిజిస్టరులో ముగించిన రోజు గడి ఖాళీగా వదిలేశాడు.

ఆ రోజునుంచి లాకులో ఆగిన ప్రతి పడవవాడినీ అడగడం మొదలుపెట్టాడు. "ఇట్టాంటి పుస్తకం యాడన్నా ఉండాదేమో కనుక్కోండి నాయనా. చెల్లెలు అన్నను వెతుక్కుంటా పోతాది." పడవలు ఉత్తరానికి పోయేవి, దక్షిణానికి పోయేవి. వాటితోపాటు ఆ ప్రశ్న కూడా పోయింది. కొందరు సరంగులకు చదువు రాదు. అయినా కథ విన్నాక వాళ్ళకూ ఆ చివర ఏమిటో కావాలనిపించింది. రెండు నెలల తరవాత ఒక పడవ కబురు తెచ్చింది. తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊళ్ళో, రిటైరయిన పంతులుగారి దగ్గర ఆ పుస్తకం ఉందట. కానీ ఆయన పుస్తకం గడప దాటనివ్వడట.

లాకు గుమాస్తా తన ఉద్యోగంలో మొదటిసారి వారం రోజులు సెలవు పెట్టాడు. రెండు దస్తాల కాగితం, సిరాబుడ్డి, కలం మూటగట్టుకుని దక్షిణానికి పోయే ఉప్పు పడవ ఎక్కాడు. పోయేముందు రిజిస్టరు నా చేతికిచ్చి, "మీరిద్దరూ ఆదివారం మానుకోవద్దమ్మా. నేను వచ్చి చూస్తా," అన్నాడు.

ఆ ఆదివారం అక్క చదివింది రాసుకున్నాక నేను ఊరికే వెనక్కి తిప్పుతూ ఆయన రాసిన వాక్యాలు చదువుతున్నాను. ఆ గొర్రెల కాపరి నవల ఆయన జూలైలో చదివాడు. సరుకు గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది: "ముసలాయన బతికే ఉన్నాడు. మందతో సహా ఇల్లు చేరినాడు. చాలా సంతోషం."

ఆ వాక్యం మళ్ళీ చదివాను. అంటే నా అబద్ధం ఆయనకు తెలిసి నెల దాటింది. ఆ నెలంతా ప్రతి ఆదివారం ఎప్పటిలాగే నన్ను, "టీచరమ్మా, మీరేం చదివినారు?" అని అడిగాడు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. ఒక్కసారైనా ఆయన ముఖంలో ఎగతాళి లేదు, అనుమానం లేదు. అక్కతో కూడా అనలేదు.

"అక్కా," అని ఆమెకు మొత్తం చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టింది. నాలుగు వరసల మీద నాలుగు గీతలు గీశాను.

ఆయన ఆరో రోజున పడవ దిగాడు. ఎండకు నల్లబడ్డాడు, కుడిచేతి వేళ్ళు సిరాతో నీలంగా ఉన్నాయి. పంతులుగారు పుస్తకం ఇవ్వనన్నారట. "ఇవ్వొద్దయ్యా, మీ అరుగుమీద కూర్చోని రాసుకుంటా," అన్నాడట ఈయన. మొదటిరోజు ఆ పెద్దాయన నమ్మకంలేక పక్కనే కాపలా కూర్చున్నారట. రెండోరోజు భోజనం పెట్టారు. మూడోరోజు, కళ్ళు అలిసిపోతాయని, ఆయన చదివి చెబుతుంటే ఈయన రాశాడు. మొత్తం ముప్పై రెండు పేజీలు.

ఆ సాయంత్రం లాకు మెట్లమీద కూర్చుని ఆ పేజీలు గట్టిగా చదివాడు. పోటు కోసం ఆగిన రెండు పడవలవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మగ్గం దగ్గరి మనిషి అన్న కాదు. అన్న చివరి రోజుల్లో అతనికి అన్నం పెట్టిన మనిషి. చెల్లెలికి ఇవ్వమని అన్న రాసిన ఉత్తరాలు అతని దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆమె ఆ ఇంట్లోనే కూర్చుని మొదటి ఉత్తరం విప్పడంతో కథ అయిపోయింది. చదవడం ఆగాక ఒక సరంగు తలగుడ్డతో ముఖం తుడుచుకుని, "ఆ చేనేతాయన మంచోడబ్బా," అన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తరవాత ఆయన రిజిస్టరు తెరిచి నేను కొట్టేసిన వరసలు చూశాడు. నేను తల దించుకుని, "అన్నా, నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ నాలుగూ మంచి పుస్తకాలు టీచరమ్మా. వాటిని మొదటిసారి చదివే భాగ్యం మీకింకా ఉండాది. నాకు లేదు."

ఇన్నేళ్ళలో నేను ఎందరో గురువుల దగ్గర చదువుకున్నాను, ట్రైనింగులు అయ్యాను. తప్పు చేసిన మనిషిని అంత మర్యాదగా నిలబెట్టినవాళ్ళను మళ్ళీ చూడలేదు. బడిలో పిల్లలు తప్పు లెక్క చేసినప్పుడు నా చెయ్యి బెత్తం వైపు పోవడం ఆ ఏడాదినుంచే తగ్గింది.

డిసెంబరు రెండో వారానికే అక్క యాభై రెండు ముగించింది. ఆ నాలుగూ మళ్ళీ మొదటినుంచి చదివి నేను నలభై తొమ్మిది దగ్గర ఆగాను. ఆయన యాభై. ప్రయాణానికి, రాతకి పోయిన రోజులు ఆయన అందుకోలేకపోయాడు. అక్క ఒప్పుకోలేదు.

"చేత్తో రాసినావు గదన్నా. చదివినట్టొకటి, రాసినట్టొకటి. ఆ పుస్తకాన్ని రెండుగా లెక్కేసుకో."

"పుస్తకం ఒకటే గదమ్మా," అన్నాడు. ఆయనకు అందులో దిగులేమీ కనపడలేదు. జనవరిలో కొత్త పేజీ తెరిచేసరికి మేము ఆరుగురం. చదువొచ్చిన సరంగు ఒకడు, ఆ కాన్పు ఇంటి కోడలు చేరారు. ఆరో మనిషి తడ పంతులుగారు. ఆదివారాలకు రాలేరు గనక ఏం చదివిందీ చీటీల మీద రాసి పడవవాళ్ళ చేత పంపేవారు. మూడో చీటీతో గడప దాటని ఆ పుస్తకాల్లోంచి రెండు పంపారు.

నేను అక్కడ నాలుగేళ్ళు ఉండి తోటపల్లి గూడూరుకు బదిలీ అయ్యాను. అక్క రిటైరయ్యేదాకా ఆ ఊళ్ళోనే పనిచేసింది. లారీలు పెరిగి, కాలువలో పడవలు తగ్గి, లాకు గుమాస్తాను వేరే చోటికి మార్చారని విన్నాను. దశాబ్దం చివర ఒకరోజు నెల్లూరు బస్టాండులో కనిపించాడు. జుట్టు నెరిసింది. తువ్వాలలో చుట్టిన పుస్తకం చంకలో ఉంది.

"ఈ ఏడు ఎన్ని అయినాయన్నా?" అని అడిగాను.

"ముప్పై ఎనిమిది. కళ్ళు ముందట్టా లేవు టీచరమ్మా. అయినా ఇంకా మూడు నెల్లుండాయి గదా. ఇది చూడండి, దీంట్లో ఒక పడవ పిల్లోడు ఉండాడు..."

ఆ కథ చెప్పడంలో పడి ఆయన ఎక్కవలసిన బస్సు కదిలిపోయింది. నేను కంగారుగా చూపించాను. "పోనీండి," అన్నాడు. తరవాతి బస్సు గంటకు గానీ లేదు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.